తాత అలవాటు, మనవడి అలవాటు

కాలాన్ని తిప్పేవాడు, ఒక తరం వెనుక మరో తరాన్ని పుట్టించేవాడు అయిన అల్లాహ్‌కే స్తుతి, కృతజ్ఞత. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!



విజయవాడ వన్‌టౌన్‌లోనైనా, బందరులోనైనా, గుడివాడ పక్కనున్న చిన్న పల్లెలోనైనా మన ఇళ్లలో రెండు మాటలు తరచుగా వినిపిస్తుంటాయి. పెద్దవాళ్లు అనే మాట: "మా రోజుల్లో ఇలా లేదు, ఈ పిల్లల చేతుల్లో దీన్ పాడైపోయింది." పిల్లలు అనే మాట: "మీకేం తెలీదు, ఇదంతా పాత చాదస్తం." మొదటి మాటలో ఆవేదన ఉంది. రెండో మాటలో అసహనం ఉంది. కాని కాస్త నిదానంగా ఆలోచిస్తే రెండింటి వెనుకా ఉన్నది ఒకే పొరపాటని అర్థమవుతుంది. పెద్దవాళ్లు తమ అలవాటునే ధర్మమని అనుకుంటున్నారు. పిల్లలు ధర్మాన్ని పెద్దల అలవాటని అనుకుంటున్నారు. అందువల్ల పెద్దలు మార్చుకోదగిన దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. పిల్లలు వదలకూడని దాన్ని కూడా వదిలేస్తున్నారు. ఈ గొడవలో ఇంటి ప్రశాంతత పోతోంది. అంతకంటే విలువైన ఈమాన్‌కు కూడా దెబ్బ తగులుతోంది.

నీరు వేరు, కట్ట వేరు

డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ విషయం అర్థం కావడానికి పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. విజయవాడ దగ్గర కృష్ణమ్మకు అడ్డంగా మొదటి ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాదాపు వందేళ్లు అది డెల్టాకు అన్నం పెట్టింది. ఆ తర్వాత దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 1957 నుంచి కాలువలకు నీళ్లు దాని నుంచే వెళుతున్నాయి. కట్ట మారింది. కాని నది అదే, నీరు అదే, చేను తడవాలన్న అవసరమూ అదే. కొత్త బ్యారేజీ వచ్చింది కదా అని పాత ఆనకట్ట కట్టినవాళ్లను ఎవరూ తిట్టలేదు. పాత ఆనకట్ట మీద అభిమానంతో కొత్త బ్యారేజీ నీళ్లు మాకొద్దని ఏ రైతూ అనలేదు.

దీన్ నీరులాంటిది. అది పైనుంచి వచ్చింది. మనం దాన్ని తయారు చేయలేదు, మార్చే హక్కు మనకు లేదు. అలవాట్లు, ఆచారాలు, పద్ధతులు కట్టల్లాంటివి, కాలువల్లాంటివి. ఒక్కో తరం తన అవసరాన్నిబట్టి, తన దగ్గరున్న సాధనాలనుబట్టి వాటిని కట్టుకుంటుంది. కట్ట పాతబడితే మార్చుకోవచ్చు. కాని అసలు కట్టే అక్కర్లేదని కొట్టేస్తే నీరంతా సముద్రం పాలవుతుంది. అలాగే కట్టనే నీరనుకుని పూజించినంత మాత్రాన చేను తడవదు.

ఇబాదత్, ఆదత్

మన ధర్మవేత్తలు ఈ రెండింటి మధ్య గీతను చాలా స్పష్టంగా గీశారు. ఇబాదత్, అంటే ఆరాధన విషయంలో అల్లాహ్, ఆయన ప్రవక్త (స) చెప్పినదానికి మనం ఒక్క అక్షరమైనా కలపకూడదు. ఐదు పూటల నమాజును ఆరు చేయలేం, నాలుగు చేయలేం. కాని ఆదత్, అంటే తినడం, తొడగడం, మాట్లాడే భాష, ప్రయాణించే వాహనం, ఇల్లు కట్టుకునే తీరు వంటి విషయాల్లో అసలు నియమం వేరు. నిషేధమని ఆధారం దొరికేదాకా అవన్నీ ధర్మసమ్మతమే. నాలుకకు వచ్చినట్లు దీన్ని హలాల్ అనీ, దాన్ని హరామ్ అనీ ప్రకటించి అల్లాహ్ మీద అబద్ధాలు కల్పించవద్దని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది (నహ్ల్ సూరా: 116).

దైవప్రవక్త (స) జీవితంలో జరిగిన ఒక సంఘటన చూడండి. హజ్రత్ మైమూనా (రజి) గారి ఇంట్లో ఒకసారి కాల్చిన ఉడుము వంటి ఎడారి జంతువు మాంసం వడ్డించారు. అదేమిటో తెలియగానే ప్రవక్త (స) తన చేతిని వెనక్కి తీసుకున్నారు. పక్కనే ఉన్న ఖాలిద్ బిన్ వలీద్ (రజి), ఇది హరామా అని అడిగారు. కాదనీ, తన జాతివారి నేలపై ఇది దొరకదు కాబట్టి తనకు మనసొప్పడం లేదనీ ఆయన (స) బదులిచ్చారు. అప్పుడు ఖాలిద్ (రజి) దాన్ని తన ముందుకు లాక్కుని తిన్నారు. ప్రవక్త (స) చూస్తూనే ఉన్నారు, వారించలేదు. ఈ హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది.

సోదరులారా, ఇందులో మన పెద్దలకు ఎంత గొప్ప పాఠం ఉందో గమనించండి. సృష్టిలో అందరికంటే గౌరవనీయుడైన వ్యక్తికి ఒక వస్తువు నచ్చలేదు. అయినా తన ఇష్టాయిష్టాలను ఆయన (స) ఇతరులకు ధర్మంగా చేయలేదు. 'నాకు నచ్చదు' అన్నారేగాని 'నువ్వు తినకూడదు' అనలేదు. మరి మనం? మనవడు నేలమీద దస్తర్‌ఖాన్ పరచకుండా బల్ల దగ్గర కూర్చుని తింటే, కోడలు మనకు అలవాటులేని రంగు దుస్తులు మర్యాదగానే ధరిస్తే, 'నాకు అలవాటు లేదమ్మా' అని ఊరుకోవచ్చు. కాని మన నోట వెంటనే వచ్చే మాట 'ఇది ఇస్లాం కాదు' అని! దస్తర్‌ఖాన్ మీద తినడం సున్నత్‌కు దగ్గరైన మంచి పద్ధతే. దాన్ని ప్రేమతో నేర్పుదాం. కాని బల్ల దగ్గర తిన్నవాణ్ని దీన్ నుంచి బయటకు నెట్టే అధికారం మనకెవరిచ్చారు?

మరో సంఘటన. పరదేశపు రాజులకు లేఖలు పంపించాలని ప్రవక్త (స) తలచినప్పుడు, ముద్ర లేని లేఖను వాళ్లు స్వీకరించరని ఆయనకు చెప్పారు. వెంటనే ఆయన (స) వెండి ఉంగరం చేయించి దానిపై ముద్ర చెక్కించారు. ఇది అరబ్బుల అలవాటు కాదు, ఇతరుల దర్బారు పద్ధతి. అయినా సత్య సందేశం చేరడానికి అది సాధనం కాబట్టి ఆయన (స) సంకోచించలేదు.

తాతగారి భాష ఎక్కడి నుంచి వచ్చింది?

డెల్టా ముస్లిం కుటుంబాల్లో తరాల మధ్య ఎక్కువగా నలుగుతున్న విషయం భాష. దాదీ ఉర్దూలో దుఆ చెబుతుంది. తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివిన మనవరాలికి ఆ లిపి చదవడం రాదు. జుమా రోజు బయాన్ ఉర్దూలో సాగుతుంటే కుర్రవాళ్లు గోడకు ఆనుకుని కూర్చుంటారు, సగం అర్థమవుతుంది, సగం కాదు. "ఉర్దూ రాకపోతే ఇక దీన్ ఏముంది?" అని పెద్దాయన బాధపడతాడు.

ఆయన బాధను తేలిగ్గా తీసుకోకూడదు. ఉర్దూలో మన ఉలమాలు వందల ఏళ్లు శ్రమించి కూర్చిన జ్ఞాన భాండాగారం ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తిస్తూ చట్టం కూడా చేశారు. ఇంట్లో ఉర్దూ తెలిసినవాళ్లుంటే పిల్లలకు నేర్పడం మంచిదే, నేర్చుకోవడం పిల్లలకు లాభమే. కాని పెద్దాయన ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆయన తాత తాతకు దీన్ భాష ఏది?

చరిత్ర చెప్పే సంగతి వినండి. ఢిల్లీకి చెందిన షాహ్ వలీవుల్లాహ్ (రహ్మ) 1703 నుంచి 1762 వరకు జీవించారు. ఆయన కాలంలో చదువుకున్నవారి భాష పారశీకం. ప్రజలు ఖుర్ఆన్‌ను అర్థం తెలియకుండా పారాయణం చేయడం చూసి ఆయన దాన్ని పారశీకంలోకి అనువదించారు. ఒక్క తరం గడిచింది. జనం నోట పారశీకం తగ్గి ఉర్దూ పెరిగింది. అప్పుడు ఆయన కుమారులు ఏం చేశారు? మా నాన్నగారి భాషే దీన్ భాష అని పట్టుబట్టలేదు. షాహ్ రఫీవుద్దీన్, షాహ్ అబ్దుల్ ఖాదిర్ (రహ్మ) ఇద్దరూ ఖుర్ఆన్‌ను ఉర్దూలోకి తెచ్చారు. షాహ్ అబ్దుల్ ఖాదిర్ గారి అనువాదం 1790 ప్రాంతంలో పూర్తయింది. కుమారులు తండ్రి భాషను మార్చారు. కాని తండ్రి ఆశయాన్ని నిలబెట్టారు. ఇదీ తండ్రికి నిజమైన వారసత్వం!

అంటే ఈరోజు తాతగారు అనాదిగా ఉందనుకుంటున్న ఉర్దూ ఒకనాడు కొత్త తరం తెచ్చిన మార్పే. ప్రజల మీద దయతో తెచ్చిన మార్పు. ఆ దయే నేడు మన నేలమీద తెలుగు రూపంలో కొనసాగుతోంది. చిలుకూరి నారాయణరావు గారు ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆయన ముస్లిం కారు, భాషా పండితులు. ఆ తర్వాత మౌలానా హమీదుల్లా షరీఫ్ వంటి విద్వాంసులు ఆ బాధ్యతను తమ భుజాలకెత్తుకున్నారు. నేడు ఒక తెలుగు గృహిణి వంటపని ముగించుకుని తన మాతృభాషలో అల్లాహ్ ఆదేశం ఏమిటో తెలుసుకోగలుగుతోందంటే అది వారి కృషి ఫలితమే.

ప్రతి ప్రవక్తనూ ఆయన జాతివారి భాషలోనే పంపినట్లు, వారికి విషయం స్పష్టంగా విడమరచి చెప్పడానికే అలా చేసినట్లు అల్లాహ్ తెలియజేశాడు (ఇబ్రాహీమ్ సూరా: 4). భాషల్లోని వైవిధ్యాన్ని తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు (రూమ్ సూరా: 22). అల్లాహ్ సూచనగా చెప్పినదాన్ని మనం అవమానంగా చూడవచ్చా?

మన డెల్టాలో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్న నూర్‌బాషా సోదరుల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పత్తి ఏకి, పరుపులు కుట్టి, చెమటోడ్చి హలాల్ సంపాదన తిన్నవాళ్లు. ఉర్దూ రాదన్న ఒక్క కారణంతో "మీరేం ముస్లింలు?" అనే ఎత్తిపొడుపు మాటలు వాళ్లు ఎన్నిసార్లు విని ఉంటారు! అలవాటును ధర్మం చేస్తే జరిగే అన్యాయం ఇదే. అది సాటి విశ్వాసి గుండెను గాయపరుస్తుంది, మస్జిద్ గడప నుంచి అతణ్ని దూరం చేస్తుంది. రేపు తీర్పుదినాన అల్లాహ్ మనల్ని ఏ భాషలో మాట్లాడావని అడగడు. నీ నాలుకతో ఎవరిని బాధపెట్టావని అడుగుతాడు.

కాబట్టి జుమా ఖుత్బా అరబీలో సాగినా, దానికి ముందు జరిగే బయాన్‌ను వినేవారి భాషలో చెప్పుకోవడానికి పెద్దలు మనసు విశాలం చేసుకోవాలి. ఉర్దూ అర్థమయ్యేవారు ఎక్కువ ఉన్నచోట ఉర్దూ, తెలుగు అర్థమయ్యేవారు ఎక్కువ ఉన్నచోట తెలుగు, ఇద్దరూ ఉన్నచోట రెండూ. ఇందులో ఓడేవాళ్లెవరూ లేరు.

ఉస్తాద్ జీతం చెప్పే పాఠం

"ఇవాళ భాష మారుస్తారు, రేపు దీన్‌నే మారుస్తారు" అని కొందరికి భయం. ఈ భయం అర్థం చేసుకోదగిందే. కాని మన ఫిఖ్‌హ్ పండితులు ఈ దారిలో ఎప్పుడో నడిచారు, జాగ్రత్తగా నడిచారు.

మనలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్‌నే తీసుకోండి. తొలి హనఫీ ఇమాముల అభిప్రాయం ప్రకారం ఖుర్ఆన్ నేర్పినందుకు జీతం తీసుకోవడం సరికాదు. అది ఆరాధన, దానికి వేతనమేమిటన్నది వారి వాదన. అప్పట్లో బోధకులకు బైతుల్ మాల్ నుంచి భృతి అందేది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. తర్వాతి కాలంలో ఆ భృతి ఆగిపోయింది. జీతం లేకుండా నేర్పమంటే బోధకుడి పిల్లలు పస్తులుండాలి. అతను వేరే పనికి పోతే ఖుర్ఆన్ నేర్పేవారే లేకుండా పోతారు. ఈ పరిస్థితిని చూసి తర్వాతి తరం హనఫీ పండితులు జీతం ధర్మసమ్మతమని తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు వల్లే నేడు మన మక్తబుల్లో ఉస్తాద్‌కు నెలనెలా జీతం ముడుతోంది, మన పిల్లలు అలిఫ్, బే దిద్దుతున్నారు.

వాళ్లు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గారిని ధిక్కరించారా? కాదు. ఆయన ఈ కాలంలో ఉంటే ఇదే చెప్పేవారని భావించారు. ఇలాంటి చోట్ల తేడా ఆధారాల్లో కాదు, కాలంలో ఉందని వాళ్లు వివరించారు.

ఇరవయ్యో శతాబ్దంలో లౌడ్‌స్పీకర్ వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. నమాజులో దాన్ని వాడవచ్చా, కూడదా అని మన దేశపు ఉలమాల మధ్య తీవ్రమైన చర్చ నడిచింది. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) దీనిపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. ఈనాడు మైకు లేని జామె మస్జిద్‌ను ఊహించుకోగలమా? ఒకనాడు మైకును చూసి ఉలిక్కిపడిన తరం మనవళ్లే, ఈనాడు తమ మనవళ్ల చేతిలో ఫోన్ చూసి ఉలిక్కిపడుతున్నారు!

హజ్ యాత్రనే చూడండి. 1995 వరకు ముంబయి నుంచి జిద్దాకు హాజీల ఓడ నడిచింది. రోజుల తరబడి సముద్రం మీద ప్రయాణం. 2023లో మన గన్నవరం విమానాశ్రయం నుంచే హాజీలు బయలుదేరారు. వాహనం మారింది. తవాఫ్ మాత్రం అప్పుడూ ఏడు ప్రదక్షిణలే, ఇప్పుడూ ఏడే. ఇదే మన ధర్మం అందం. ఎక్కడ కదలకూడదో అక్కడ కొండలా నిలబడుతుంది. ఎక్కడ కదలాలో అక్కడ కాలువ నీరులా సాగిపోతుంది.

పెద్దలకు ఒక మనవి

అమ్మీ, అబ్బా! నానమ్మ, తాతయ్యలారా! మీ వయసు మాకు గౌరవనీయం. అందుకే ప్రవక్తల ఇంటి సంగతి ఒకటి మీ ముందుంచుతున్నాను.

ఒక జాతివారి మేకలు రాత్రివేళ వేరేవారి చేలో పడి పంటను పాడు చేశాయి. పల్లెటూళ్లలో ఇలాంటి తగాదాలు ఎన్నో చూసి ఉంటారు. ఆ వివాదం దావూద్ (అలై) ముందుకు వచ్చింది. జరిగిన నష్టానికి ఆ మేకలను చేను యజమానికి ఇప్పించాలని ఆయన తీర్పు చెప్పారని వ్యాఖ్యాతలు వివరించారు. ఆయన కుమారుడు సులైమాన్ (అలై) మరో మార్గం చూపారు. మేకలవాళ్లు చేనును బాగుచేసి పూర్వస్థితికి తెచ్చేదాకా చేను యజమాని మేకల పాలు, ఉన్ని వాడుకోవాలి. ఆ తర్వాత ఎవరిది వాళ్లకు అప్పగించాలి. ఈ పరిష్కారాన్ని సులైమాన్‌కు బోధపరచింది తానేనని అల్లాహ్ ఖుర్ఆన్‌లో ప్రకటించాడు. వెంటనే, ఇద్దరికీ వివేకాన్నీ జ్ఞానాన్నీ ఇచ్చినట్లు కూడా సెలవిచ్చాడు (అన్బియా సూరా: 78, 79).

ఎంత సున్నితమైన న్యాయం! ఆ విషయంలో మెరుగైన ఆలోచన కుమారుడిదే. అయినా తండ్రి గౌరవం వెంట్రుకవాసి తగ్గలేదు. తండ్రి రాజు, ప్రవక్త. అయినా కొడుకు మాటను అడ్డుకోలేదు. మన ఇంట్లో కొడుకు మంచి సలహా ఇచ్చినప్పుడు మనం అతని సలహాను చూస్తున్నామా, అతని వయసును చూస్తున్నామా?

మరొకటి కూడా చూడండి. ప్రవక్త (స) ఒకసారి సహచరులను ఒక పొడుపు ప్రశ్న అడిగారు. ఆకు రాలని, విశ్వాసిని పోలిన చెట్టు ఏది? అది ఖర్జూరపు చెట్టని బాలుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మనసుకు తట్టింది. కాని పెద్దలందరూ మౌనంగా ఉండటం చూసి సిగ్గుపడి నోరు మెదపలేదు. తర్వాత తండ్రికి చెప్పినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) కోప్పడలేదు. పెద్దల ముందు నీకెందుకురా అనలేదు. నువ్వు ఆ మాట అక్కడ చెప్పి ఉంటే నాకెంతో ఇష్టంగా ఉండేదని అన్నారు. కొడుకు నోరు మూయించడంలో కాదు, కొడుకు నోట సత్యం పలికించడంలో ఆయన గర్వపడ్డారు.

మీ ఆడపిల్లల విషయంలో కూడా ఇలాగే ఆలోచించండి. మన పాత తరంలో ఆడపిల్లకు ఖుర్ఆన్ నాజిరా, ఐదో తరగతి అయితే చాలనుకునేవాళ్లం. అది ఆనాటి పరిస్థితి, అల్లాహ్ ఆజ్ఞ కాదు. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) నుంచి రెండు వేలకు పైగా హదీసులు మనకు అందాయి. మహామహులైన సహాబాలు సందేహం వస్తే ఆమె గుమ్మం దగ్గరకు వచ్చి అడిగేవారు. ఆ తల్లి బిడ్డలం మనం. లజ్జ, మర్యాద, భద్రత ధర్మం కోరేవే. వాటిని కాపాడుకుంటూ చదువుతానన్న బిడ్డకు తలుపు మూయడం ధర్మం కాదు, మన భయం.

పూర్వీకులను ఏ మార్గంలో చూశామో ఆ మార్గంలోనే నడుస్తామని మొండికేసినవారిని ఖుర్ఆన్ నిలదీసింది. ఆ పూర్వీకులు ఏమీ అర్థం చేసుకోకపోయినా, సన్మార్గం పొందకపోయినా సరేనా అని ప్రశ్నించింది (బఖరా సూరా: 170). మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మన తెలుగువాళ్లదే కదా! తాతల తఖ్వా మన తఖ్వా కాదు.

యువతకు ఒక మనవి

పిల్లలారా! ఇంతవరకు చదివి, 'చూశారా, మేం చెప్పిందే నిజం' అని సంబరపడకండి. ఇప్పుడు మీ వంతు.

మీలో రెండు రకాలవాళ్లున్నారు. ఒక రకం వాళ్లకు నమాజు, రోజా, హలాల్, హరామ్ అన్నీ నానమ్మ అలవాట్లుగానే కనిపిస్తాయి. కాలం మారింది కదా అంటారు. బాబూ, కాలం మారితే మారేది కట్ట, నీరు కాదు. వడ్డీ పేరు మార్చి ఈఎంఐ అన్నంత మాత్రాన దాని స్వభావం మారదు. ఫోన్ తెర మీద చూసినంత మాత్రాన అశ్లీలం అశ్లీలం కాకుండా పోదు. ఫోన్‌లో ఖుర్ఆన్ చదువుకుంటే మేలే. కాని ఖుర్ఆన్ కోసమని తెరిచిన ఫోన్‌లో రాత్రి రెండింటి దాకా తిరిగి ఫజ్ర్ పోగొట్టుకుంటే, తాతగారి కోపంలో న్యాయం లేదంటావా?

రెండో రకం వాళ్లు దీనికి వ్యతిరేకం. నాలుగు వీడియోలు చూసి, నాలుగు పుస్తకాలు తిరగేసి, ఇంట్లో ఉన్న ముసలివాళ్ల ఆచారాలన్నింటినీ ఒక్కరోజులో కడిగేయాలనుకుంటారు. నానమ్మ ఆచరిస్తున్నదాంట్లో తప్పు ఉండవచ్చు. తప్పును తప్పని చెప్పాల్సిందే. కాని ఎలా? ఇబ్రాహీమ్ (అలై) తండ్రి విగ్రహారాధకుడు. అంతకంటే పెద్ద తప్పు ఏముంటుంది? అయినా ఇబ్రాహీమ్ (అలై) ఆయనతో మాట్లాడిన ప్రతిసారీ ప్రేమగా నాన్నా అనే పిలుస్తూ చెప్పారు. తండ్రి రాళ్లతో కొడతానని బెదిరించినప్పుడు కూడా, మీకు శాంతి కలుగుగాక అని చెప్పి, ఆయన మన్నింపు కోసం ప్రార్థిస్తానన్నారు (మర్యమ్ సూరా: 42 - 47). మరి కల్మా చదివే నానమ్మ మీద గొంతు పెంచడానికి నీకు ఏ ఆధారం దొరికింది?

తల్లిదండ్రులు షిర్క్ చేయమని ఒత్తిడి తెస్తే వారి మాట వినకూడదని ఖుర్ఆన్ ఆదేశించింది. కాని అదే ఆయత్‌లో ఈ లోకంలో వారితో ఉత్తమంగా మెలగమని కూడా ఆదేశించింది (లుఖ్మాన్ సూరా: 15). మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేసేవాడు ఖుర్ఆన్‌ను అనుసరిస్తున్నాడా, తన ఆవేశాన్ని అనుసరిస్తున్నాడా?

ఇంకో విచిత్రం. అన్ని విషయాల్లో పెద్దల పద్ధతులు పాతవని ఎదిరించే యువకుడు, పెళ్లిలో కట్నం దగ్గరకు వచ్చేసరికి అకస్మాత్తుగా ఎంతో విధేయుడైన కొడుకు అయిపోతాడు! "అమ్మీ, అబ్బా ఎలా చెబితే అలా" అంటాడు. ఇస్లాం మహర్‌ను వరుడే ఇవ్వాలని విధించింది (నిసా సూరా: 4). వధువు తండ్రి దగ్గర కట్నం లాగడం మన దీన్‌లో లేదు. దేశ చట్టం కూడా 1961లోనే దాన్ని నిషేధించింది. అయినా తాకట్టు పెట్టిన పొలాలు, అమ్ముకున్న ఇళ్లు డెల్టా ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. యువకులారా, పాత అలవాటును మార్చాలనే ఉత్సాహం మీలో నిజంగా ఉంటే ఇక్కడ మొదలుపెట్టండి. ఇక్కడ ధర్మం మీ పక్షాన ఉంది. ఇక్కడ మౌనంగా ఉండి, దస్తర్‌ఖాన్, లుంగీ, ఉర్దూ గురించి పెద్దలతో వాదిస్తే, మీరు కోరుకుంటున్నది మార్పు కాదు, మీ సౌకర్యం మాత్రమే.

ఇంట్లో మాట తేల్చుకోవడం ఎలా?

ఏదైనా కొత్త అలవాటు ఇంట్లోకి వచ్చినప్పుడు, లేక పాత అలవాటు వెళ్లిపోతున్నప్పుడు, గొంతులు పెంచకముందే అందరూ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: దీని గురించి అల్లాహ్, ఆయన ప్రవక్త (స) ఏమైనా ఆజ్ఞ ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఇక తాత ఇష్టం లేదు, మనవడి ఇష్టం లేదు. ఇద్దరూ తలవంచాల్సిందే. తెలియకపోతే తెలిసిన ఆలిమ్‌ను అడగాలి.

రెండోది: ఆజ్ఞ లేకపోతే, దీనివల్ల ఇంట్లో ఎవరికైనా హాని ఉందా? ఆరోగ్యం, మర్యాద, డబ్బు, చదువు, నమాజు సమయం, వీటిలో దేనికైనా దెబ్బ తగులుతోందా?

మూడోది: ఆజ్ఞ లేదు, హాని లేదు. అయినా నా మనసు ఎందుకు ఒప్పుకోవడం లేదు? నాకు అలవాటు లేకపోవడం తప్ప మరేదైనా కారణం ఉందా? లేకపోతే ప్రవక్త (స) ఖాలిద్ (రజి) ని తిననిచ్చినట్లు నేనూ ఊరుకోవాలి.

మార్పును తట్టుకునే శక్తి మన పెద్దలకు లేదనుకోవడం కూడా పొరపాటే. 2020 రమజాన్ గుర్తుందా? కరోనా లాక్‌డౌన్‌లో మస్జిదుల తలుపులు మూతపడ్డాయి. యాభై, అరవై ఏళ్లుగా మస్జిద్‌లోనే తరావీహ్ చదివిన పెద్దలు కన్నీళ్లు తుడుచుకుని ఇంట్లోనే సఫ్ కట్టారు. ఎన్నో ఇళ్లలో హాఫిజ్ మనవడు ఇమామయ్యాడు, తాత వెనుక నిలబడ్డాడు. దూరాన ఉన్న కూతురి ముఖం చూడటానికి నానమ్మ మనవరాలి దగ్గర వీడియో కాల్ నేర్చుకుంది. దశాబ్దాల అలవాటు ఒక్కరోజులో మారింది, నమాజు మాత్రం ఆగలేదు. ఆ రోజు అవసరం మన చేత చేయించినదాన్ని, ఈ రోజు ప్రేమ చేయించలేదా?

చిన్నవారిపై దయ చూపనివాడు, పెద్దవారి గౌరవాన్ని గుర్తించనివాడు మనవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసులో రెండు భాగాలున్నాయి. పెద్దలు సాధారణంగా రెండో భాగాన్నే పిల్లలకు వినిపిస్తారు. పిల్లలు మొదటి భాగాన్నే పెద్దలకు గుర్తుచేస్తారు. ఎవరి భాగాన్ని వారు పాటిస్తే ఇల్లు స్వర్గమవుతుంది.

ఈ నెల నుంచే ఒక చిన్న ప్రయత్నం చేద్దాం. వారానికి ఒకరోజు, మగ్రిబ్ తర్వాత ఇంట్లో అందరూ ఒకచోట కూర్చోండి. నానమ్మ తనకు వచ్చిన దుఆ ఒకటి నేర్పాలి. మనవరాలు దాని అర్థాన్ని తెలుగులో చదివి వినిపించాలి. తాత తన చిన్ననాటి రమజాన్ ముచ్చట చెప్పాలి. మనవడు తన కాలేజీలో ఎదురవుతున్న ప్రశ్న ఒకటి అడగాలి, ఎవరూ కసరకుండా వినాలి. పది నిమిషాలు చాలు.

ఓ అల్లాహ్! మా పెద్దలకు విశాలమైన మనసును, మా పిల్లలకు వినయాన్ని ప్రసాదించు. మారవలసినదాన్ని మార్చుకునే ధైర్యాన్ని, మారకూడనిదాన్ని కాపాడుకునే స్థైర్యాన్ని మాకివ్వు. మా అలవాట్లను నీ ధర్మంగా చాటుకునే అహంకారం నుంచీ, నీ ధర్మాన్ని పాత అలవాటుగా కొట్టిపారేసే అజ్ఞానం నుంచీ మమ్మల్ని కాపాడు. మా తర్వాత వచ్చే తరాన్ని మాకంటే ఉత్తమమైన తరంగా చెయ్యి. ఆమీన్.